కూలి మనిషి ఆదివారం

(‘క్రైస్తవ దృష్టిలో కాలం’ అన్న విషయంపై ఒంగోలులో చేసిన స్మారకోపన్యాస పాఠం)



మన మధ్య లేని పాస్టరు అయ్యగారి పేరు మీద మాట్లాడమని పిలిచినప్పుడు విషయం కూడా మీరే ఇచ్చారు: క్రైస్తవుడు కాలాన్ని ఎలా చూస్తాడు? దీని మీద మహాపండితులు గ్రంథాలు రాశారు. నేను బడిలో చరిత్ర చెప్పినవాణ్ని. అందుకని సిద్ధాంతాల దగ్గర ఎక్కువసేపు ఆగకుండా మన జిల్లాలో జరిగిన సంగతుల్లోంచి ఈ ప్రశ్నను చూడాలని ఉంది. అయ్యగారికీ అదే నచ్చేది. ప్రసంగంలో ఒక్క ఊరి పేరైనా వినబడకపోతే అది జనానికి అందలేదనేవారు ఆయన.

ముందు ఒక వాడుక మాటను పక్కన పెట్టాలి. హిందువులకు కాలం చక్రం, క్రైస్తవులకు కాలం సరళరేఖ అని పుస్తకాల్లో చదువుతాం, ప్రసంగాల్లో వింటాం. ఆగస్టీను ‘దేవుని పట్టణం’లో, లోకమంతా అవే సంఘటనలతో మళ్లీ మళ్లీ తిరిగొస్తుందన్న పాత తత్వవేత్తల వాదాన్ని తోసిపుచ్చిన మాట నిజమే. క్రీస్తు ఒక్కసారే చనిపోయాడన్నది ఆయన పట్టు. అయితే సంఘంలో మనం బతికే కాలం అంత తిన్నగా ఏమీ లేదు. ఆగమన కాలపు నాలుగు ఆదివారాలు, క్రిస్మస్, శ్రమదినాలు, మట్టలాదివారం, ఈస్టరు, పెంతెకొస్తు, తిరిగి ఆగమన కాలం. ఇది చక్రమే. ఈస్టరు తేదీ తేలాలంటే చంద్రుడి లెక్క చూడాల్సిందే: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక వచ్చే ఆదివారం. అందుకే ఆ పండుగ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య జరుగుతూ ఉంటుంది. ఉగాదికి అమావాస్య చూస్తారు, ఈస్టరుకు పున్నమి చూస్తారు. మన పల్లెల్లో రెండూ ఎండలు ముదిరే వేళకే వస్తాయి. సూర్యుడూ గాలీ నదులూ తిరిగిన దారినే తిరగడం చూసి ప్రసంగి గ్రంథకర్త నిట్టూర్చాడు. ఆ గ్రంథాన్ని సంఘం బైబిల్లో ఉంచుకుంది. కాబట్టి చక్రమా గీతా అన్న తగాదాతో మనం పెద్ద దూరం వెళ్లలేం.

అసలు సంగతి విశ్వాస ప్రమాణంలో ఉంది. ప్రతి ఆదివారం దాన్ని చెప్పేటప్పుడు మన పిల్లలతో సహా అందరం ఒక రోమా ఉద్యోగి పేరు పలుకుతాం. పొంతి పిలాతు. క్రీస్తుశకం 26 నుంచి 36 దాకా యూదయలో అధికారం చేసినవాడు. 1961లో కైసరయ శిథిలాల్లో ఆయన పేరు చెక్కిన రాయి దొరికింది. సృష్టికర్తను, కన్య మరియను తలుచుకునే చోట ఈ అధికారి పేరెందుకు? మన నమ్మకం ఫలానా ఏలుబడిలో, ఫలానా ఊళ్లో జరిగినదాని మీద నిలబడిందని చెప్పడానికి. లూకా కూడా ఇదే చేశాడు. తిబెరి కైసరు ఏలుబడిలో పదిహేనో ఏడు అని మొదలుపెట్టి, ఎక్కడెక్కడ ఎవరెవరు అధికారంలో ఉన్నారో, ప్రధాన యాజకులెవరో వరసగా చెప్పుకుంటూ వస్తాడు. ఇంతమంది పేర్లు చెప్పినా దేవుని వాక్యం వీళ్లలో ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. అరణ్యంలో ఉన్న జెకర్యా కొడుకు యోహాను దగ్గరికి వచ్చిందంటాడు. చరిత్ర పాఠం ఎలా చెప్పాలో నేను ఆ భాగం చదివే నేర్చుకున్నాను.

525లో రోములో డయొనీసియస్ ఎక్సిగ్యువస్ అనే సన్యాసి ఈస్టరు పట్టికలు తయారుచేశాడు. అంతకుముందు వాడుకలో ఉన్న పట్టిక డయొక్లీషియన్ చక్రవర్తి ఏలుబడి నుంచి సంవత్సరాలు లెక్కపెట్టేది. విశ్వాసులను హింసించినవాడి పేరుతో పండుగ సంవత్సరం రాయడం ఆ సన్యాసికి మనసొప్పలేదు. క్రీస్తు జననం నుంచి లెక్క కట్టాడు. ఇవాళ లోకమంతా రాసే తేదీ అక్కడ మొదలైంది. ఆయన లెక్క కొన్నేళ్లు తప్పిందనే చరిత్రకారులు చెబుతారు. హేరోదు క్రీస్తుపూర్వం 4లో చనిపోయాడన్నది ఎక్కువమంది మాట గనక, యేసు ఆ ముందే పుట్టి ఉండాలి. ఆ తప్పు నాకు పెద్దది కాదు. మా దినాలను పీడించినవాడి పేరున లెక్కపెట్టుకోం అన్న తెగింపు పెద్దది. మనిషి దినాలు ఎవరి సొత్తు అన్న ప్రశ్న అందులో ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెలు అదే ప్రశ్నకు ఇచ్చిన జవాబు చెప్పడానికే నేనివాళ వచ్చాను.

యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మాదిగ. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మగారు బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏడే అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఇక్కడి సంఘం ఏర్పడింది. పేరయ్యగారి వెంట, ఆయన బంధువుల వెంట పల్లెపల్లెకూ కబురు పాకింది. ఆ కొత్త విశ్వాసులకు సంఘం పెట్టిన నియమాలు మూడే మూడు అని క్లౌ దొరగారు తన జ్ఞాపకాల్లో చెప్పారు. ఆ జ్ఞాపకాలను ఆయన భార్య ఎమ్మా గారు అక్షరబద్ధం చేయగా, దొరగారు పోయిన నాలుగేళ్లకు, 1914లో పుస్తకంగా వచ్చాయి. నియమాలు ఇవీ: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు.

మొదటి రెండింటి గురించీ ఇప్పటికే చాలామంది రాశారు. మూడోదాన్ని మాత్రం భక్తి నియమంగా చదివి దాటేస్తాం. ఒక్కసారి ఆగి, దాన్ని ఎవరికి పెట్టారో చూడండి. మాదిగ ఇల్లు ఊళ్లో ఒక రైతు ఇంటికి కట్టుబడి ఉండేది. చెప్పులు కుట్టాలి, మోటకు తోలు బాన కట్టాలి, బాన చిరిగితే ఆ పూటే బాగుచెయ్యాలి, జాతర్లో డప్పు కొట్టాలి, కబురు చెప్పమంటే పొరుగూరికి నడవాలి. కళ్లంలో మేర కొలిచేది ఏడాదికోసారి. పని మాత్రం పిలిచినప్పుడల్లా. వెట్టికి వేళ లేదు. అలాంటి మనిషి, వారంలో ఒకరోజు నేను నీ పిలుపుకు రాను అన్నాడు. తన దినాల్లో ఒక దినం తనదని, తనకు ఆ దినం ఇచ్చింది దేవుడని అన్నాడు. భూమి అడగలేదు, కూలి పెంచమనలేదు. అయినా ఊరు ఊరంతా కదిలింది. బావుల దగ్గరికి రానివ్వలేదు, పనులు మాన్పించారు, కరణాలూ మునసబులూ కేసులు పెట్టించారు, కొట్టారు. అంత కోపం ఎందుకు వచ్చిందో మనకు అర్థం కావాలి. ఆదివారం ఒకటి చేజారితే సోమవారం కూడా ఎవరిదన్న మాట వస్తుందని పెత్తందార్లకు తెలుసు.

విశ్రాంతిదినపు ఆజ్ఞ బైబిల్లో రెండు చోట్ల ఉంది. నిర్గమకాండంలో దానికి చెప్పిన కారణం సృష్టి: ఆరు దినాల పని ముగించి దేవుడు ఏడో దినాన విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండంలో కారణం వేరు: నువ్వు ఐగుప్తులో దాసుడివిగా ఉన్నావు, ఆ సంగతి మరిచిపోకు. అక్కడ విశ్రాంతి ఇంటి యజమానికి మాత్రమే కాదు. దాసుడికీ దాసికీ ఎద్దుకూ గాడిదకూ ఊళ్లోకి వచ్చిన పరదేశికీ ఉంది. ఫరో కింద ఇటుకలు చేసినవాళ్లకు వారం లేదు, పండుగ లేదు. సీనాయి దగ్గర దేవుడు వాళ్లకు మొదట ఇచ్చిన సొత్తుల్లో ఒకటి దినం. మాదిగపల్లెలో అక్షరం రాని మనిషి ఈ రెండో కారణాన్ని ఎవరూ విడమరచి చెప్పకుండానే పట్టుకున్నాడని నా నమ్మకం. నా మటుకు నాకు, కాలం గురించి క్రైస్తవం చెప్పే మాటల్లో మొదటి స్థానం దీనిదే: కాలం దేవుడిది గనక, ఒక మనిషి కాలాన్ని మొత్తంగా సొంతం చేసుకునే హక్కు ఇంకో మనిషికి లేదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఈ దేశంలో పనివాళ్లకు ఆదివారం సంఘం ఒక్కటే తెచ్చిపెట్టలేదు. బొంబాయి మిల్లు కార్మికులకు 1890లో ఆదివారం సెలవు వచ్చిందంటే దాని వెనక జోతీరావు ఫూలే సహచరుడు నారాయణ మేఘాజీ లోఖండే చేసిన పోరాటం ఉంది. ఆయన క్రైస్తవుడు కాడు. ఆయన పేరు మన సండే స్కూలు పిల్లలకు నేర్పితే తప్పేమీ లేదు, నేర్పాలి కూడా.

ఇప్పుడు కొండ దగ్గరికి వద్దాం. మీలో చాలామంది ప్రేయర్ మీటింగ్ హిల్ ఎక్కినవాళ్లే. 1854 జనవరి 1 తెల్లవారుజామున అయిదుగురు ఆ కొండ ఎక్కారు: మిషనరీ లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, నెల్లూరు నుంచి వాళ్లతో వచ్చిన క్రిస్టియన్ నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు. కింద ఒంగోలు, చుట్టూ పల్లెలు. అక్కడ సువార్త పనికి ఒక మనిషిని పంపమని ప్రార్థించి దిగారు. అప్పటికి తెలుగు మిషను ఉంటుందో పోతుందో తెలియదు. 1840లో నెల్లూరులో మొదలైన పనికి పదమూడేళ్లయినా చెప్పుకోదగ్గ ఫలితం లేదని, మూసేద్దామని అమెరికాలోని బాప్టిస్టులు అంతకు ముందటి ఏడే సభలో వాదించుకున్నారు. ఒంటరి నక్షత్రమన్న పేరు ఈ మిషనుకు ఆ సభ రోజుల్లోనే స్థిరపడింది. కొండ మీద అడిగిన మనిషి, క్లౌ దొరగారు, ఒంగోలుకు రావడానికి మరో పన్నెండేళ్లు పట్టింది.

జూలియా, రూతు అన్న ఆ ఇద్దరు స్త్రీలు చరిత్రలో ఒంటిపేర్లతోనే ఉండిపోయారు. ఇంటిపేరు చాలా పుస్తకాల్లో కనబడదు. దొరల పుట్టిన తేదీలు, ఓడ ఎక్కిన తేదీలు, చనిపోయిన తేదీలు మనకు తెలుసు. ఆ ఇద్దరివీ అంత సులువుగా దొరకవు. ఈ లోటును మనసులో పెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని అవసరం పడుతుంది.

ఆ తర్వాత 1876 వచ్చింది. తెలుగు లెక్కలో ధాత నామ సంవత్సరం. రెండేళ్ల పాటు మద్రాసు ప్రెసిడెన్సీని కరువు కాల్చేసింది. క్లౌ దొరగారు యవ్వనంలో అమెరికాలో సర్వే పని చేసినవారు. ప్రభుత్వం కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను ఆయన కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని, కూలి చూపించారు. బోధకులే మేస్త్రీలయ్యారు. తట్టలు దించుకున్న విరామంలో కూలీల పక్కన కూర్చుని మాట్లాడేవారు. జనం గుంపులుగా వచ్చి బాప్తిస్మం అడిగారు. దొరగారు ఇవ్వలేదు. పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. ఆకలి వేళ తీసుకున్న నిర్ణయాన్ని మనిషి నిర్ణయంగా లెక్కపెట్టకూడదని, కూలి డబ్బు అందే చోట విశ్వాసం అడగకూడదని ఆయన ఆలోచన.

సంఖ్యల కోసం ఆరాటపడే ఈ రోజుల్లో ఆ పదిహేను నెలలు నాకు 1878 జూలై కంటే గొప్పగా కనబడతాయి. జూలైలో ఏమైందో మీ అందరికీ కంఠస్థం. కాలువ పని అయిపోయింది, కరువు సాయం ఆగింది, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా జనం వెనక్కి పోలేదు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మూడు రోజుల్లో 3,536. మన సంఘాల గోడల మీద 2,222 అన్న అంకె రాసుకుంటాం, క్యాలెండర్లలో అచ్చు వేస్తాం. ఆగిన నెలల సంఖ్యను ఎక్కడా రాయం. ఆగడం కూడా పరిచర్యేనని మనకు ఎవరూ నేర్పలేదేమో. మోషే పేరున్న తొంభయ్యో కీర్తన దినాలు లెక్కపెట్టడం నేర్పమని దేవుణ్ని అడుగుతుంది. లెక్కపెట్టడం నేర్చుకోవడమంటే ఏది లెక్కలోకి రాదో తెలుసుకోవడం కూడానని నాకు ఆ పదిహేను నెలల వల్ల అర్థమైంది.

ఆగడం చేతకానివాళ్లు తేదీలు ప్రకటిస్తారు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని నమ్మారు. కొందరు పంట కొయ్యకుండా వదిలేశారు. మర్నాడు సూర్యుడు మామూలుగానే ఉదయించాడు. ఇప్పుడు మన టీవీల్లో, ఫోన్లలో ఇలాంటి లెక్కలు రోజూ వస్తున్నాయి. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియవని ప్రభువే చెప్పాక దీని మీద ఇంకా సమయం పెట్టడం నాకిష్టం లేదు.

ఎదురుచూడటానికి మన సంఘాల్లో ఒక రాత్రి ఉంది. డిసెంబరు 31. వాచ్‌నైట్ సర్వీసు మన దగ్గర ఎంత సొంతమైపోయిందంటే, ఆ ఆంగ్ల పేరు కూడా పల్లెలో ముసలమ్మల నోట తెలుగైపోయింది. జర్మనీలో హెర్న్‌హూట్ గ్రామంలో మొరేవియన్లు 1733లో ఆ ఆరాధన మొదలుపెట్టారని చెబుతారు. 1740ల్లో జాన్ వెస్లీ దగ్గర దానికి బలం చేకూర్చినవాళ్లు ఇంగ్లండులో కింగ్స్‌వుడ్ బొగ్గు గని కార్మికులు. ఒకప్పుడు సారా దుకాణాల్లో గడిపిన రాత్రులను వాళ్లు ప్రార్థనకు మార్చుకున్నారు. 1862 డిసెంబరు 31 రాత్రి అమెరికాలో నల్లజాతి విశ్వాసులు గుళ్లలో, ఇళ్లలో మేలుకుని ఉన్నారు. తెల్లారితే లింకన్ విమోచన ప్రకటన అమల్లోకి వస్తుంది. అర్ధరాత్రి దాటడం అంటే ఏమిటో ఆ రాత్రి వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. గని కూలీ, తోటల్లో బానిస, మన పల్లెల్లో వెట్టిమనిషి: ఈ ఆరాధనను గట్టిగా పట్టుకున్నవాళ్లు ఎవరో గమనించండి. పగలు తమది కాని మనుషులు రాత్రిలో కొంత దేవుడి కోసం, తమ కోసం తీసుకున్నారు. మన పల్లెల్లో చాలాచోట్ల వారం మధ్యలో ఆరాధన దీపాలు పెట్టాకే జరగడానికి కారణం అదే.

అయ్యగారి వాచ్‌నైట్‌కు వచ్చినవాళ్లు ఇక్కడ ఎందరో ఉన్నారు. వాగ్దానపు కార్డులు పంచడానికి ముందు ఆయన సంఘం రిజిస్టరు తెరిచేవారు. ఆ ఏడు పుట్టినవాళ్ల పేర్లు, బాప్తిస్మం పొందినవాళ్ల పేర్లు, పెళ్లయినవాళ్ల పేర్లు, చివర్న సమాధి చేసినవాళ్ల పేర్లు. ఏ పేరుకూ ముందు గౌరవం తగ్గించేవారు కాదు, తర్వాత వ్యాఖ్యానం చేసేవారు కాదు. పేరు, తేదీ, అంతే. మూడు రోజులు బతికి పోయిన పసికందు పేరు కూడా చదివేవారు. పేరు పెట్టకముందే పోతే, ఫలానా వాళ్ల బిడ్డ అని తేదీతో చదివేవారు.

ఆగస్టీను తన ‘ఒప్పుకోలు’ పదకొండో భాగంలో కాలం అంటే ఏమిటని దేవుణ్ని అడుగుతూ చాలా పేజీలు రాశాడు. గడిచింది లేదు, రాబోయేది ఇంకా లేదు, ఉన్నది నిలవదు. మరి మనం కొలిచేది దేన్ని అని మథనపడి, గడిచినదాన్ని జ్ఞాపకంగా, రాబోయేదాన్ని ఎదురుచూపుగా మనసు పట్టుకుంటుందన్న చోటికి చేరాడు. నాకు ఆ వాదం కంటే తొమ్మిదో భాగంలో ఆయన తల్లి మోనికా సంగతి ఎక్కువ హత్తుకుంటుంది. 387లో ఓస్తియా రేవులో, సొంత ఊరికి దూరంగా, ఆమె చనిపోబోతోంది. ఒంటిని ఎక్కడ పాతిపెట్టినా బాధ లేదని, ప్రభువు బల్ల దగ్గర మాత్రం తనను తలుచుకోమని కొడుకులతో చెప్పింది. మనసు మరిచిపోతుంది, ఆగస్టీనుకు అది తెలుసు. ఒక మనిషి మనసు మరిచినా దేవుడు మరవడని, ఆయన జ్ఞాపకం ఉంచుకున్నదానికి సంఘం సాక్షిగా ఉండాలని మోనికా కోరికలో ఉందనుకుంటాను. అయ్యగారు చేసిన పని అదే.

ఇక చివరి సంగతి. ఇది ఈ సభ నుంచి నేను అడగదలుచుకున్నది.

మన పాత సంఘాల్లో బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లు ఉన్నాయి. మాల, మాదిగ ఇళ్లలో పుట్టిన మనుషుల పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ వేరే ఎక్కడా రాసి ఉండని రోజుల్లో అవి మాత్రమే రాశాయి. కరణం లెక్కల్లో భూమి ఉన్నవాడే ఉండేవాడు. జూలియాకూ రూతుకూ జరిగిన లోటు వాళ్ల తర్వాతివాళ్లకు కొంతైనా తీరింది ఆ పుస్తకాల వల్లే. ఇప్పుడు అవి ఇనప్పెట్టెల్లో, అటకల మీద, కొన్నిచోట్ల వెస్ట్రీ బీరువాలో తడిసి అట్టకట్టుకుపోతున్నాయి. చెదలు పట్టినవి నేను చేత్తో తీశాను.

వాటిని కాపాడుకుందాం అనడం సులువు. ఒక చిక్కు ఉంది, దాన్ని దాచి మాట్లాడలేను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడని నమోదైతే షెడ్యూల్డు కులపు హోదా పోతుంది. అందుకే మన పిల్లల్లో చాలామందికి రెండు పేర్లు: బడి సర్టిఫికెట్లో ఒకటి, గుళ్లో ఒకటి. తాత దినాలకు సాక్ష్యమైన పుస్తకమే మనవడి ఉద్యోగానికి ముప్పు కాగలదు. దేవుని ముందు ఒక పేరు, ప్రభుత్వం ముందు ఒక పేరు పెట్టుకుని బతకాల్సిన అవస్థ వాళ్లు కోరి తెచ్చుకున్నది కాదు. ఆ అన్యాయం సరిదిద్దమని అడగడం సంఘం పని. అది సరయ్యేదాకా వాళ్లను కాపాడటమూ సంఘం పనే.

కాబట్టి ఇలా చేద్దామని నా మనవి. ప్రతి పాస్టరేటులో ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ఈ పని తీసుకోండి. పుస్తకాన్ని నీడలో ఆరబెట్టండి, ఎండలో పెట్టకండి, సిరా వెలిసిపోతుంది. పేజీ పేజీ ఫొటో తియ్యండి. రెండు డిస్కుల్లో ఉంచి ఒకటి వేరే ఊళ్లో భద్రపరచండి. నెట్‌లో మాత్రం పెట్టవద్దు, వాట్సాప్‌లో ఒక్క పేజీ కూడా పంపవద్దు. ఎవరి పేరు వాళ్ల ఇంటివాళ్లు అడిగితే చూపించండి. 1900కు ముందటి పుస్తకాలతో మొదలుపెట్టండి, వాటి కాగితం వేలు తగిలితే విరుగుతోంది. ఈ పనికి కావలసిన కెమెరా నా దగ్గర ఉంది, సభ అయ్యాక పేర్లు ఇచ్చినవాళ్లతో తారీకులు నిర్ణయించుకుంటాను.